మిద్దెమీది తెల్లచీర

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన వారం, ఎండ ఇంకా మిద్దెల మీదికి సరిగా ఎక్కకముందే, వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. కాఫీ లోటా పక్కన పెట్టిన కోడలు రెండుసార్లు పిలిచి, పలక్కపోతే భుజం పట్టి కదిపి, ప్రహరీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి నన్ను కేకేసింది. నేను వెళ్ళేసరికి లోటాలోంచి ఇంకా పొగ వస్తోంది.

ఆమె కొడుకు చుట్టాలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాడు. సగం మంది నమ్మలేదు. "ఈ తూరి నిజమేనా అప్పా?" అని అడిగారు. నాగరగెరెలో ఉండే ఒకావిడైతే, "నువ్వు చెప్తే నమ్మను, మీ యమ్మకే ఒగతూరి ఫోనియ్యి" అంది. ఆ మాట వినగానే అంతసేపూ ఏడుస్తున్న కొడుకు నవ్వేశాడు. నవ్వి, మళ్ళీ ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

'ఈ తూరి', అంటే ఈసారి, అనే మాట ఎందుకొచ్చిందో చెప్పాలంటే నా ఫొటోల పిచ్చి దగ్గర మొదలుపెట్టాలి. ఆ పిచ్చి లేకపోతే ఆ గందరగోళమూ లేదు, చీరా లేదు.

చింతామణిలో సర్కారీ ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, నేను లెక్కలు చెబుతాను. బెంగళూరులో ఉండే మా తమ్ముడు కొత్త ఫోన్ కొన్నాక ఇక అక్కర్లేదని తన పాత కెమెరాను మా ఇంట్లో పడేసి వెళ్ళాడు. చాలాకాలం అది బీరువాలో చీరల మధ్య నిద్రపోయింది. ఒక వేసవి సెలవుల్లో తోచక బయటికి తీశాను. ఎలా వాడాలో తెలుసుకుందామని వీడియోలు చూస్తుంటే, రంగులు లేకుండా, ఫొటోలో వీలైనంత తక్కువ ఉండేలా తీసే పద్ధతి ఒకటుందని తెలిసింది. బోలెడంత ఖాళీ, అందులో ఎక్కడో ఒక చిన్న వస్తువు. మినిమలిజం అంటారట. నాకు వెంటనే నచ్చింది. లెక్కల్లో కూడా నాకు కొట్టివేతలంటేనే ఇష్టం. పైనా కిందా కొట్టేసుకుంటూ పోతే ఇంత పొడుగు లెక్క చివరికి ఒక్క అంకెగా మిగులుతుంది చూడండి, అక్కడ నాకు ప్రాణం లేచొస్తుంది.

అయితే చింతామణి ఖాళీలున్న ఊరు కాదు. ఎక్కడ చూసినా టమాటా క్రేట్లు, ఆటోలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. పోనీ అని కెమెరాను ఆకాశం వైపు ఎత్తితే కరెంటు తీగ, దాని కింద కేబుల్ తీగ, దాని మీద ఎవరిదో తెగిన గాలిపటం. అందుకని ఆదివారాలు స్కూటీ వేసుకుని ఊరి బయటికి పోయేదాన్ని. బాగేపల్లి రోడ్డులో ఒంటరి రాతిగుండు, చిక్కబళ్ళాపురం దారిలో ద్రాక్షతోట చివర మిగిలిపోయిన ఒకే ఒక్క రాతి స్తంభం, బస్సులు ఆగడం మానేసిన బస్ షెల్టర్. తెచ్చి స్టాఫ్‌రూమ్‌లో చూపించాను. మా కన్నడ మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏముండాది?" అంది. ఏమీ లేకపోవడమే దీని గొప్ప అన్నాను. "ఏమీ లేనిదాని కోసరం ఎండలో అంత దూరం పోవాల్నా? నెలాఖర్లో నా పర్సుని ఫొటో తీసుకో" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, లోపల ఒళ్ళు మండింది.

చివరికి నాకు కావలసిన ఖాళీ మా పక్క మిద్దె మీదే దొరికింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మేం ఆ ఇంటికి వచ్చినప్పటినుంచి పక్కింటామె, వయసులో పెద్దది, అందుకని పెద్దమ్మ. భర్త పోయి కొన్నేళ్ళయింది. కొడుకుకు టమాటా మండీలో కమీషన్ వ్యాపారం. ఆమెకు మాత్రం శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరితే చాలు, మిద్దె మీదే కాపురం. సండిగలు పెట్టేది. వడియాలను మా వైపు సండిగలంటాం. బియ్యప్పిండిని జీలకర్ర వేసి ఉడికించి, భర్త పాత తెల్ల పంచెను మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, వేళ్ళతో ఒక్కొక్క ముద్దా విడిచేది. తెల్ల పంచె మీద తెల్ల సండిగలు. మూల మాత్రం ఒక బొగ్గు ముక్క.

మొదటిసారి పిట్టగోడ మీంచి వంగి చూసినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఇన్నాళ్ళూ బాగేపల్లి దాకా పోయి వెతుక్కున్నది ఇక్కడే ఉంది. కెమెరా తెచ్చుకుని, "పెద్దమ్మా, ఆ బొగ్గు ఒగ నిమిషం తీస్తావా?" అన్నాను.

"ఎందుకమ్మా?"

"అంతా తెల్లగా ఉంటే ఫొటో బాగుంటాది."

"అంతా తెల్లగా ఉంటే దిష్టి తగుల్తాది" అంది ఆమె, చేతిలో పని ఆపకుండా. "బాగుండేదానికే నల్లది పెట్టాల. బాగలేనిదానికి ఎవురన్నా పెడతారా?"

తీయనంది కాబట్టి బొగ్గుతోనే తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో ఆ బొగ్గును చెరిపేసి చూశాను. చెరిపేశాక అది ఫొటోలా లేదు, ఆరేసిన బట్టలా ఉంది. బొగ్గును మళ్ళీ తెచ్చిపెట్టాను. మర్నాడు ఆ సంగతి చెబితే ఆమె గెలిచినట్టు ముఖం పెడుతుందేమో అనుకున్నాను. "చేతికి పిండి అంటుకునిండాది, ఆ చెంబు అందియ్యి" అంది అంతే.

అప్పటినుంచి తీసిన ఫొటోలన్నీ ఆమెకు చూపించడం అలవాటైంది. కెమెరా వెనక ఉండే చిన్న తెరను చేయి బారుచాచి దూరంగా పట్టుకుని, కనుబొమలు పైకెత్తి చూసేది. చూసినంతసేపూ బొటనవేలితో తెరను రుద్దేది. వేలికి ఎప్పుడూ నూనో పిండో ఉండేది. ఇచ్చాక నేను కొంగుతో తుడుచుకునేదాన్ని. ఫొటో చూసి అందరూ 'ఇదేమిటి' అని అడుగుతారు. ఆమె 'ఇది ఎవురిది' అని అడిగేది.

"ఎవురిదీ కాదు పెద్దమ్మా. ఊరికే గోడ."

"ఊరికే గోడ యాడన్నా ఉంటాదా? ఎవురో ఒగరు కట్టింటే కదా అది గోడ."

నేను చెప్పలేకపోతే తనే ఊహించి ఆ గోడకొక యజమానిని, ఆ షెల్టర్ కింద బస్సు కోసం నిలబడి నిలబడి విసుక్కుని నడిచిపోయిన ఒక అత్తాకోడళ్ళను పుట్టించేది. నేను పడీపడీ ఖాళీ చేసుకొచ్చిన చోటునంతా జనంతో నింపేసేది. ఒకసారి నా ఫొటో ఒకదాన్ని ఏదో పోటీకి పంపితే వాళ్ళు తీసుకోలేదు. తెల్ల పంచె మీది సండిగల ఫొటోయే అది. చిన్నబుచ్చుకుని చెబితే, "చూసినోళ్ళకి ఆకలేసిండదు లే" అంది. ఆ తర్వాత ఏ పోటీకి పంపినా, ఏ జవాబు వచ్చినా, నాకు అదే మాట గుర్తొచ్చేది.

ఒక ఆదివారం మిట్టేమరి దగ్గర ఒక గుండును ఫొటో తీసుకొచ్చాను. నేల మీద దాదాపు పడుకుని, చుట్టుపక్కల ఏదీ పడకుండా, గుండూ ఆకాశమూ మాత్రమే వచ్చేలా తీశాను. కష్టపడ్డానని చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. ఎవరిదని అడగలేదు.

"ఈ గుండు వెనకాల మా యన్న చేను" అంది. "గుండు నీడ పడే కాడ రాగులు సరిగా రావు. ఈ పక్క బండ్ల దోవ. దోవలో బండి పోతే మా యింట్లోకి వినిపిస్తాది."

"పెద్దమ్మా, అవేమీ పడకూడదనే నేను దుమ్ములో పొర్లింది."

"నువ్వు తీసేసిందంతా నాకు కనిపిస్తాది లేమ్మా" అంది.

అది ఆమె పుట్టిన ఊరు. అంత దగ్గర ఊరికి ఆమె ఎందుకు పోదో నాకప్పటికి తెలియదు. "రా పెద్దమ్మా, నా స్కూటీ మీద తీసుకుపోతా" అంటే కెమెరా నా చేతిలో పెట్టి కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం కోడలు చెప్పింది.

పెద్దమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే, అన్న. తన కూతుర్ని అన్న కొడుక్కి ఇవ్వాలని పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే అనుకున్నారు. కూతురు పెద్దదై, చదువుకుని, తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. పెద్దమ్మ కూతురి పక్కన నిలబడింది. అన్న ఆ పెళ్ళికి రాలేదు. అది సరే, మేనరికం తప్పినచోట అలకలు మామూలే. తర్వాత పెద్దమ్మ భర్త పోయాడు. దానికీ అన్న రాలేదు. మా వాళ్ళలో భర్త పోయిన ఆడమనిషికి దినం నాడు పుట్టింటివాళ్ళు చీర తెచ్చి పెట్టాలి. లేనివాళ్ళైనా తెస్తారు, పగ ఉన్నవాళ్ళైనా తెస్తారు. ఆ రోజు పెద్దమ్మ స్నానం చేసి, వాకిలి వైపు తిరిగి కూర్చుందట. ఎవరు పిలిచినా, "ఉండండి, బస్సు రావాల" అందట. పొద్దు వాలాక ఎవరో దూరపు చుట్టం తన సంచిలో ఉన్న చీర తీసి ఆమె భుజాన వేసిందట.

"మా యత్త దేన్నయినా ఓర్చుకుంటాది అక్కా. ఆ చీర రాలేదే, దాన్ని మాత్రం ఓర్చుకోలేదు" అంది కోడలు. తర్వాత ఎప్పుడో పెద్దమ్మే నాతో అంది, బట్టలు మడుస్తూ, మామూలు గొంతుతో: "కొడుకు చూస్తాడు, కోడలు చూస్తాది, కూతురు ఫోన్ చేస్తాది. అన్నీ ఉండాయి. పుట్టిల్లొగటే లేదు." అలాంటప్పుడు ఓదార్చే మాటలు నాకు రావు. దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

ఆ తర్వాతి చలికాలంలో ఒక ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి ఎదురిల్లు లేదు. అంత మంచు పడింది. తీగలు, ఫ్లెక్సీలు, టవర్లు అన్నీ మాయం. చింతామణి మొత్తాన్ని ఎవరో నాకోసం తుడిచిపెట్టినట్టుంది. కెమెరా తీసుకుని మిద్దె మీదికి పరుగెత్తాను. పక్క మిద్దె చివర పెద్దమ్మ నిలబడి ఉంది. తలమీదుగా శాలువా కప్పుకుని, నాకు వీపు పెట్టి, బాగేపల్లి వైపు చూస్తోంది. ఆ వైపు చూడ్డానికి ఆ రోజు ఏమీ లేదు. అంతా తెలుపు, ఒక మూల చిన్న నల్లటి మనిషి. ఒకే ఒక్క ఫొటో తీశాను. నా మొత్తం జన్మలో నేను బాగా తీసిన ఫొటో అదొక్కటే అనుకుంటాను.

ఆమె కొడుకు మండీకి పోతూ కనిపిస్తే చూపించాను. "అబ్బా, మా యమ్మ ఎంత బాగుండాదక్కా! నాకు పంపు" అన్నాడు. పంపాను. అతను దాన్ని మురిపెంగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. పెట్టి, వేలంలోకి దిగాడు.

మా వైపు స్టేటస్‌లో నలుపు తెలుపు ఫొటో వచ్చిందంటే ఒకటే అర్థం. బతికున్నవాళ్ళు రంగుల్లో ఉంటారు, పోయినవాళ్ళకు రంగు తీసేసి పెడతారు. పైగా ఈ ఫొటోలో మనిషి అవతలికి తిరిగి మంచులోకి పోతున్నట్టుంది. చూసినవాళ్ళు అదిరిపడి కొడుక్కి ఫోన్ చేశారు. టమాటా వేలం జరుగుతున్నప్పుడు మండీలో ఎవరూ ఫోన్ ఎత్తరు. ఎత్తలేదు. ఇంకేం రుజువు కావాలి? ఒకరు ఇంకొకరికి చెప్పారు, వాళ్ళు ఇంకొకరికి.

పెద్దమ్మ వాకిట్లో చాప వేసుకుని చిక్కుడులాంటి అనపకాయలు ఒలుస్తోంది. నేను కూడా ఒక చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. వీధి మొదట్లో ఆటో ఆగింది. పైన చెప్పిన నాగరగెరె ఆవిడ పూలహారం పట్టుకుని, "ఓ యక్కా, నన్నిడిసి పోతివా" అని రాగం ఎత్తుకుంటూ వచ్చి, గేటులో అడుగుపెట్టి, అలాగే నోరు తెరిచి నిలబడిపోయింది.

పెద్దమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "ఎవురికేమయిందమ్మా?" అంది ఆదుర్దాగా.

విషయం తెలిసేసరికి ఇంకో ఆటో వచ్చింది. తర్వాత ఒక బైకు. ఆవిడ హారాన్ని ఏం చేయాలో తెలియక వెనక దాచుకుంటుంటే, పెద్దమ్మ తీసుకుని కోడలికిచ్చి, "దేవునికి పెట్టు, వాడిపోతాయి" అంది. వచ్చినవాళ్ళందరినీ లెక్కేసుకుని, "అనపగింజల కూరకి ఇవి చాలవు, ఇంకా తెప్పించు" అంది. నేను సందు చూసుకుని మా ఇంట్లోకి జారుకోబోయాను. "నువ్వేమీ దాంకోవద్దు, కూచోని ఒలువు. నా చావుకి ఎవురొస్తారో ఎవురు రారో బతికుండంగా చూసేది అందరికీ జరుగుతాదా?" అంది. ఆమెకు నిజంగానే సరదాగా ఉంది. కొత్తగా ఎవరొచ్చినా తనే ఎదురుపోయి, "రాండి రాండి, నేను పోయినానంట కదా" అని పలకరించింది.

మధ్యాహ్నం దాటాక అన్న వచ్చాడు.

బస్సు దిగి ఒంటరిగా వచ్చాడు. తెల్ల పంచె, భుజాన టవలు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. మనవడు ఫోన్‌లో ఫొటో చూపిస్తే అన్నం ముందునుంచి లేచి వచ్చాడని తర్వాత తెలిసింది. వీధి మలుపులో చాలా వేగంగా నడిచాడు. ఇల్లు దగ్గరపడేకొద్దీ అడుగులు నెమ్మదించాయి. వాకిట్లో జనం కూర్చుని తింటూ నవ్వుతున్నారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ చూసింది. అంతవరకూ అందరికీ ఎదురుపోయిన మనిషి కదల్లేదు. ఒళ్ళోని కాయలు చాప మీదికి జారిపోయాయి.

"పాపా" అన్నాడు ఆయన. డెబ్బై దాటిన మనిషిని. "నువ్వు పోయినావనిరే?"

"లేదన్నా" అంది. కాయలు మళ్ళీ ఒళ్ళోకి ఏరుకుంటూ, "పోతే వస్తావని తెలిసింటే ఎప్పుడో పోయుందును" అంది.

వాకిట్లో తినేవాళ్ళు తినడం ఆపారు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలోని కవరును వెనక పెట్టుకున్నాడు.

"చేతిలో ఏముండాది?"

"ఏమీ లేదు లే."

"చూపీ అన్నా."

"అది చూసేది కాదు పాపా. నీకు చూపించకూడదు."

ఆమె వంగి ఆయన వెనకనుంచి కవరు లాక్కుంది. లోపల తెల్ల నూలు చీర. అంచు కూడా లేదు. బాగేపల్లిలో బస్సు మారేటప్పుడు కొన్నాడట, అంగడి మడత కూడా చెదరలేదు. శవం మీద కప్పడానికి పుట్టింటివాళ్ళు తేవలసిన చీర అది. చూడగానే ఆడవాళ్ళంతా ఒక్కసారి గోల చేశారు. బతికున్న మనిషి ముట్టుకోకూడదని ఒకరు, ఇంట్లోకి తేవద్దని ఒకరు, అంగడికి తిప్పి పంపమని ఇంకొకరు. పెద్దమ్మ చీరను ముక్కు దగ్గర పెట్టుకుని కొత్త గంజి వాసన చూసింది.

"ఊరుకోండమ్మా" అంది. "మా యాయన దినానికి రావాల్సిన చీర ఇది. బస్సు ఆలస్యమైంది, అంతే."

అన్న ఏడ్చాడు. టవలు ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని ఆయన వీపు మీద చేయి వేసింది, మరో చేత్తో చీరను మాత్రం వదల్లేదు. అక్కడ కూర్చోవడం నా వల్ల కాలేదు. కూర మాడుతుందని వంక పెట్టి లోపలికి పోయాను. అక్కడ కోడలు కూడా పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. కూర అప్పటికే దించేసింది.

ఆ చీరను ఏం చేస్తుందా అని అందరం ఎదురు చూశాం. శివరాత్రి వెళ్ళాక ఒక పొద్దున మిద్దె ఎక్కితే అది అక్కడ పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, ఒక మూల బొగ్గు, మిగిలినంతా సండిగలు. కోడలు బిక్కచచ్చిపోయింది. "ఆ చీర మీద తిండి వస్తువా అత్తా?" అంది.

"పెట్లో పెడితే పురుగు తింటాది. ఈడుంటే నాకు రోజూ కనిపిస్తాది" అంది పెద్దమ్మ. "చినిగింది కదా పంచె, ఎన్నాళ్ళని దాన్ని పరస్తాను?"

అప్పటినుంచి ఏటా ఆ చీరే. అన్న ఏటా సండిగల కాలంలో వచ్చి ఒక డబ్బా నిండా మిట్టేమరికి తీసుకుపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ మిద్దె ఎక్కి చీరను చూసి, "ఇంగొగటి తెస్తాను పాపా, దీన్ని పారెయ్యి" అనేవాడు. "వద్దు. నాకు కప్పేదానికి తెచ్చినావు, నాకిదే కప్పాల. అంతవరకూ ఊరికే పడుండేది ఎందుకు, పని చేయనీ" అనేది. ఇద్దరూ ఆ సంగతి కూరగాయల ధరలు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవాళ్ళు.

చివరికి ఒకసారి నా స్కూటీ ఎక్కి మిట్టేమరి వచ్చింది. గుండు దగ్గర ఆపమంది. అన్నను పిలిపించి, పక్కన నిలబెట్టుకుని, "ఇపుడు తీయి" అంది. రంగుల్లో తీయాలంది. ఇద్దరి పాదాలూ పడాలంది. చెవి కమ్మలు కనపడాలంది. గుండు, దాని వెనక చేను, పక్కన దోవ, దోవలో అప్పుడే వస్తున్న ట్రాక్టరు, అన్నీ పడాలంది. ఏదీ వదలకుండా తీశాను. ట్రాక్టరు వెనక పరుగెత్తే కుక్క కూడా పడింది. నేను నేర్చుకున్న పాఠాలన్నిటినీ ఒకే దెబ్బకు గంగలో కలిపిన ఫొటో అది. నేను తీసినవాటిలో పెద్దమ్మ ఇంటి గోడకెక్కింది అదొక్కటే. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా టీచరమ్మ తీసినాది. ఆయమ్మకి రంగుల్లో కూడా వస్తాది" అని చెప్పేది. నేను మాత్రం చీర ఫొటోలు తీసుకుంటూనే ఉన్నాను. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, మబ్బు పట్టినప్పుడు, సండిగలు సగం పెట్టినప్పుడు. ఆమె దగ్గర కూర్చోవడానికి నాకు కెమెరా ఒక సాకు అయిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆమెతో మాట్లాడిన రోజు నాకు బాగుండేది.

పోయిన వారం ఆ పొద్దున కూడా ఆమె సండిగలు పెట్టాలనుకుంది. పిండి ఉడకబెట్టి మూత పెట్టింది. మిద్దె ఎక్కి చీర పరిచి, రాళ్ళు పెట్టి, బొగ్గు పెట్టి, పిండి చల్లారేలోపు కాఫీ తాగుదామని కిందికి వచ్చి కూర్చుంది. తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను.

అన్న మధ్యాహ్నానికి వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు, మనవడు చేయి పట్టుకుని దించాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. తిన్నగా లోపలికి వచ్చి చెల్లెలి తల దగ్గర కూర్చుని, ముఖం మీద పడిన వెంట్రుకను పక్కకు తీశాడు. స్నానానికి సిద్ధం చేస్తున్న ఆడవాళ్ళు ఆయన ఖాళీ చేతుల వైపు చూశారు. పెద్దమ్మ భర్త దినం నాడు ఏం జరిగిందో వాళ్ళలో కొందరికి తెలుసు. నాగరగెరె ఆవిడే చివరికి అడిగింది.

"పుట్టింటి చీర తేలేదా అన్నా?"

"తెచ్చినాను కదమ్మా" అన్నాడాయన, తల ఎత్తకుండా. "ఎప్పుడో తెచ్చినాను. మిద్దె మీదుండాది."

కోడలు నా వైపు చూసింది. నేను మెట్లెక్కాను.

చీర ఎండలో పరిచినట్టే ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సండిగల గుండ్రటి మరకలు దాని నిండా వరసగా ఉన్నాయి. ఒక్కొక్క రాయీ ఎత్తి, చీర కింద నుంచి లాగి, రాయిని మళ్ళీ ఉన్నచోటే పెట్టాను. ఎందుకలా పెట్టానో తెలియదు. చీర వెచ్చగా ఉంది. మడిచి భుజాన వేసుకున్నాక చూస్తే బొగ్గు ముక్క నా చేతిలోనే ఉంది, వేళ్ళు నల్లబడ్డాయి. దాన్ని పారేయడానికి మనసొప్పలేదు. వంగి, అది ఎప్పుడూ ఉండే మూలలోనే మళ్ళీ పెట్టాను.

మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూశాను. కెమెరా పక్కనే మా ఇంట్లో ఉంది, తెచ్చుకోలేదు. కింద ఆయన చీర కోసం ఎదురు చూస్తున్నాడు. తెల్లటి ఎండలో మిద్దె ఖాళీగా ఉంది. నాలుగు రాళ్ళు, వాటి మధ్య చీర పట్టేంత చోటు, ఒక మూల బొగ్గు.